ఐదుగురు సైంధవులు, రెండున్నర సెకన్లు

మన భాషలో "సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అంటే తిట్టు. జరగాల్సిన పని జరగనివ్వని వాడని అర్థం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం ఆ పని కోసమే ప్రతి జట్టూ ఐదుగురిని ఏరికోరి తెచ్చుకుంటుంది. కోట్ల డాలర్లు పోసి మరీ తెచ్చుకుంటుంది. ఆ ఐదుగురు సరిగ్గా అడ్డుపడకపోతే వాళ్ల వెనకాల బంతి పట్టుకుని నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ ముందు మ్యాచ్ పోగొట్టుకుంటాడు, తర్వాత ఒంట్లో సత్తువ పోగొట్టుకుంటాడు, ఒక్కోసారి కెరీరే పోగొట్టుకుంటాడు. అది ఎలా జరుగుతుందో, చివరికి నింద ఎవరి మీద పడుతుందో చూద్దాం.

మనలో చాలామందికి ఈ ఆట పెద్దగా పరిచయం లేదు. ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న అన్నయ్యలూ అక్కయ్యలూ సూపర్ బౌల్ అంటూ స్టేటస్‌లు పెడితే చూసి వదిలేస్తాం. ఆదివారం సాయంత్రం అక్కడ మొదలయ్యే ఆట మనకి సోమవారం తెల్లవారుజాము ఐదింటికి వస్తుంది, చూసే ఓపిక ఎవరికుంటుంది! కాబట్టి ముందు ఆట గురించి రెండు ముక్కలు.

ఆట ఇంతే

రెండు జట్లు, చెరో 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకి జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, జరగకపోతే బంతి అవతలి వాళ్లది. బంతిని పట్టుకుని పరిగెత్తొచ్చు, లేదా ముందుకి విసరొచ్చు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. నేటి ఆటలో సగానికి పైగా ప్రయత్నాలు విసిరేవే కాబట్టి జట్టు తలరాత చాలావరకు అతని చేతిలో ఉంటుంది.

అతను విసరబోతున్నాడని తెలియగానే అవతలి జట్టు నుంచి సాధారణంగా నలుగురు, ఒక్కోసారి ఐదారుగురు అతని మీదకి దూసుకొస్తారు. బంతి చేతిలో ఉండగానే అతన్ని గీత వెనకాల పడేస్తే దాన్ని 'సాక్' అంటారు. ప్రయత్నం వృథా, పైగా ఆరేడు గజాలు వెనక్కి. డీకన్ జోన్స్ అనే పాతకాలపు డిఫెన్స్ ఆటగాడు ఈ మాటని ప్రచారంలోకి తెచ్చాడు. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్ దీన్ని ఆటగాళ్ల పేరున అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లోనే.

ఈ దూసుకొచ్చేవాళ్లని ఆపేవాళ్లే మన ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్కా ఒక గార్డు, చివర్లలో ఒక్కో టాకిల్. ఒక్కొక్కరు దాదాపు 140 కిలోలు ఉంటారు. మామూలుగా బంతిని ముందుకి విసిరితే అందుకునే హక్కు కూడా వీళ్లకి లేదు. 50 నుంచి 79 మధ్య నంబరు చొక్కా వేసుకుని అడ్డంగా నిలబడటమే వీళ్ల ఉద్యోగం. భారతంలో సైంధవుడు అర్జునుడు లేని సమయం చూసి మిగతా నలుగురు పాండవుల్ని ఒక రోజు ఆపగలిగాడు, అది వరం. వీళ్లకి వరాలేం లేవు, చేతులూ కాళ్లూ మాత్రమే. ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగితే 10 గజాల జరిమానా కూడా.

గడియారం

ఎంతసేపు ఆపాలి? ఇక్కడే మన ఇంజనీరింగ్ బుర్రకి పని. లైన్‌మన్ ఎంత బాగా ఆడాడో కొలవడానికి ఈఎస్‌పీఎన్ వాడే ఒక కొలమానం ఉంది. ఎదుటివాడిని 2.5 సెకన్ల పాటు ఆపగలిగితే ఆ లైన్‌మన్ గెలిచినట్టు, లేకపోతే ఓడినట్టు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకున్నప్పటి నుంచి విసిరేదాకా సగటున పట్టే సమయం కూడా రెండున్నర సెకన్లకి కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది.

ఆ రెండున్నర సెకన్లలో అతను ఏం చేయాలో చూడండి. బంతి అందుకుని మూడో, ఐదో, ఏడో అడుగులు వెనక్కి వేయాలి. ఆ అడుగుల లెక్క కూడా ఊరికే పెట్టింది కాదు. అవతల పరిగెత్తే రిసీవర్ ఎన్నో అడుగులో మలుపు తిరుగుతాడో దానికి సరిపోయేలా కట్టిన టైమింగ్ అది. డిఫెన్స్ ఎలా నిలబడింది, ఎలా మారుతోంది అని చదవాలి. మొదటి రిసీవర్ ఖాళీగా లేకపోతే రెండోవాడిని, వాడూ లేకపోతే మూడోవాడిని చూడాలి. అప్పుడు ముందు కాలు సరిగ్గా నేలకి ఆనించి, నడుము తిప్పి విసరాలి. బలం భుజం నుంచి మాత్రమే రాదు, కాళ్ల నుంచి మొదలై నడుము మీదుగా చేతికి చేరుతుంది. ఫాస్ట్ బౌలర్‌కి ఫ్రంట్ ఫుట్ ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే.

రక్షణ అర సెకను ముందే కూలిపోయిందనుకోండి. మూడో రిసీవర్‌ని చూసే టైమ్ పోయింది. కాలు ఆనించే చోటు పోయింది. అంటే సాక్ అవ్వకపోయినా బంతి ఎత్తుగానో పొట్టిగానో పోతుంది, ఒక్కోసారి ఎదుటివాడి చేతుల్లోకి పోతుంది. స్కోరుకార్డులో మాత్రం 'ఇంటర్‌సెప్షన్' అని క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కనే పడుతుంది. గార్డు పేరు ఎక్కడా ఉండదు.

ఒక చిన్న లెక్క

రిలయబిలిటీలో సిరీస్ సిస్టమ్ గుర్తుంది కదా? భాగాలన్నీ పనిచేస్తేనే వ్యవస్థ పనిచేస్తుంది. అన్ని సంభావ్యతల్నీ గుణించాలి. ఐదుగురు లైన్‌మెన్‌లో ఒక్కొక్కరు 95% సార్లు తమ వాడిని ఆపుతారనుకుందాం. పరీక్షల్లో 95 అంటే టాపర్! కానీ ఐదుగురూ ఒకేసారి ఆపే అవకాశం 0.95ని ఐదుసార్లు గుణిస్తే వచ్చే 0.774. అంటే మ్యాచ్‌లో 35 సార్లు విసరబోతే దాదాపు 27 సార్లు శుభ్రంగా, 8 సార్లు ఎవరో ఒకడు మీద పడుతుండగా.

ఇప్పుడు నలుగురు అలాగే ఉండి ఐదోవాడు ఒక్కడు 80%కి పడిపోయాడనుకోండి. గుణిస్తే 0.65. శుభ్రమైన ప్రయత్నాలు 27 నుంచి 23కి దిగాయి, ఒత్తిడిలో పడినవి 8 నుంచి 12కి పెరిగాయి. ఒక్క మనిషి మారితే క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అయింది.

ఇది ఊహా లెక్కే. నిజానికి ఇద్దరు కలిసి ఒకడిని ఆపడం ఉంటుంది, పక్కవాడు సాయానికి రావడం ఉంటుంది, కాబట్టి గుణకారం అచ్చంగా ఇలాగే పనిచేయదు. దీనికి ఎదురుగా ఇంకో విషయం కూడా ఉంది. అవతలి కోచ్‌కి బలహీనుడు ఎవరో తెలిస్తే తన బెస్ట్ ఆటగాడిని తెచ్చి సరిగ్గా వాడి ఎదురుగానే నిలబెడతాడు. గొలుసు దాని బలహీనమైన లింకు దగ్గర దానంతటదే తెగదు, ఎవడో వెతికి మరీ అక్కడే లాగుతాడు.

మొదటి దెబ్బ ఒంటికి

120 కిలోల మనిషి సెకనుకి 7 మీటర్ల వేగంతో వస్తే అతని గతిశక్తి దాదాపు 2,900 జౌల్స్. మనిషితో కలిపి 220 కిలోలున్న బైక్ గంటకి 18 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో గుద్దినట్టు. పైగా క్వార్టర్‌బ్యాక్ చూపు దూరంగా రిసీవర్ల మీద ఉంటుంది, చెయ్యి పైకి లేచి ఉంటుంది, పక్కటెముకలు ఖాళీగా దొరుకుతాయి. దెబ్బకి సిద్ధపడి బిగుసుకునే అవకాశమే ఉండదు.

కుడిచేత్తో విసిరేవాడు కుడివైపు తిరిగి నిలబడతాడు కాబట్టి ఎడమవైపు అతని వీపు. అటునుంచి వచ్చేవాడు కనబడడు. దాన్నే 'బ్లైండ్ సైడ్' అంటారు. దానికి కాపలా లెఫ్ట్ టాకిల్. 1985 నవంబరు 18 రాత్రి వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్‌ని న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ పడేసినప్పుడు థైస్‌మన్ కాలి ఎముక విరిగి బయటికొచ్చింది. దేశమంతా టీవీలో చూస్తున్న మ్యాచ్ అది. పడేసిన టేలరే కంగారుగా లేచి డాక్టర్లని రమ్మని చేతులూపాడు. థైస్‌మన్ మళ్లీ ఆడలేదు. టేలర్‌లాంటి వాళ్లు వచ్చాక లెఫ్ట్ టాకిల్ విలువ పెరుగుతూ పోయింది. బంతి ముట్టని ఆ ఉద్యోగం ఇప్పుడు జట్టులో బాగా జీతమొచ్చే ఉద్యోగాల్లో ఒకటి.

రెండో దెబ్బ కళ్లకి: డేవిడ్ కార్ కథ

కాలు విరిగితే అందరికీ కనబడుతుంది. కనబడనిది ఇంకోటి ఉంది. దానికి డేవిడ్ కార్ కథ చెప్పుకోవాలి.

హ్యూస్టన్ టెక్సన్స్ 2002లో కొత్తగా పుట్టిన జట్టు. డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకునే అవకాశం వాళ్లకే వచ్చింది. కార్‌ని తీసుకున్నారు. కొత్త జట్టు కాబట్టి పాత జట్ల నుంచి కొందరు ఆటగాళ్లని తీసుకునే వీలు కూడా ఇచ్చారు. అందులో హ్యూస్టన్ మొట్టమొదట ఎంచుకున్నది టోనీ బోసెల్లి అనే లెఫ్ట్ టాకిల్‌ని. ఆ తరంలో మేటి, తర్వాత 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాడు. ఆలోచన భేషుగ్గా ఉంది: ముందు గోడ, తర్వాత ఇల్లు. కానీ బోసెల్లి భుజం గాయాలు తగ్గలేదు. హ్యూస్టన్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైర్ అయ్యాడు. గోడ లేకుండానే ఇల్లు మొదలైంది.

మొదటి మ్యాచ్‌లో పక్క ఊరి డల్లాస్ కౌబాయ్స్‌ని 19-10తో ఓడించేసరికి హ్యూస్టన్‌లో పండగ. ఆ పండగ ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ సీజన్ 16 మ్యాచ్‌ల్లో కార్‌ని 76 సార్లు సాక్ చేశారు. ఒక్క సీజన్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్‌కి అన్ని సాక్‌లు అంతకుముందెప్పుడూ పడలేదు. 444 సార్లు విసిరాడు, 76 సార్లు విసరకముందే పడ్డాడు. అంటే విసరడానికి వెనక్కి అడుగేసిన ప్రతి ఏడు సార్లలో ఒకసారి నేల మీద. పోయిన గజాలు 411, నాలుగు మైదానాల పొడవు కంటే ఎక్కువ. కుర్రాడికి అది ఉద్యోగంలో మొదటి ఏడాది.

2004లో 49, 2005లో మళ్లీ 68. హ్యూస్టన్‌లో ఐదేళ్లు కలిపి 249.

ఇన్నిసార్లు పడ్డవాడి కళ్లు ఏమవుతాయి? క్వార్టర్‌బ్యాక్ కళ్లు ఎప్పుడూ దూరంగా ఉండాలి. ముందు జరుగుతున్న కుస్తీని చూడకూడదు, దాన్ని పక్క చూపుతో, అలికిడితో పసిగట్టాలి. దెబ్బలు తిన్నవాడి చూపు మాత్రం తెలియకుండానే కిందికి దిగి మీదకొచ్చేవాళ్ల మీద పడుతుంది. చూపు దిగిన క్షణం దూరంగా ఖాళీగా ఉన్న రిసీవర్ అతనికి లేనట్టే. కాళ్లు కుదురుగా నిలవవు. లోపలి గడియారం వేగంగా కొట్టుకుంటుంది, రెండున్నర సెకన్లు ఉన్నా రెండే ఉన్నట్టు అనిపిస్తుంది. రక్షణ బాగున్న రోజున కూడా లేని దెబ్బ నుంచి తప్పుకుంటాడు. రజ్జు సర్ప భ్రాంతి అంటామే, అది. తాడు తాడుగానే ఉంది, కాటు తిన్నవాడికి పాములా కనబడింది.

ఇది కార్ ఒక్కడి విషయం కాదు. 2019 అక్టోబరులో న్యూయార్క్ జెట్స్ యువ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్ న్యూ ఇంగ్లండ్ చేతిలో 33-0తో ఓడుతున్నప్పుడు, బెంచీ మీద కూర్చుని తనకి దయ్యాలు కనబడుతున్నాయని అన్నాడు. చొక్కాకి మైకు ఉంది, దేశమంతా విన్నది, నవ్వుకున్నది. నిజానికి అది ఆ ఆటలో అందరికీ తెలిసిన మాటే. లేని ఒత్తిడిని చూడటానికి వాళ్లు పెట్టుకున్న పేరు అది.

మూడో దెబ్బ ఆలోచనకి

గోడ నిలబడదని కోచ్‌కి తెలిస్తే ఏం చేస్తాడు? దూరంగా విసిరే ప్లాన్లు ఒక్కొక్కటీ తీసేస్తాడు, ఎందుకంటే వాటికి ఏడు అడుగులు, మూడు సెకన్లు కావాలి. రిసీవర్లుగా పరిగెత్తాల్సిన ఒకరిద్దరిని ఆపి గోడకి సాయంగా నిలబెడతాడు. అంటే బయట పరిగెత్తేవాళ్లు ఐదుగురి బదులు ముగ్గురో నలుగురో. ఈ సంగతి అవతలి డిఫెన్స్‌కి కూడా తెలుసు. వాళ్లంతా ముందుకి జరిగి పొట్టి పాస్‌ల దారులు మూసేస్తారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కార్ 2006 గణాంకాలు ఈ విషయంలో పాఠంలాంటివి. ఆ ఏడాది అతను విసిరినవాటిలో 68.3% అందాయి. లీగ్ మొత్తంలో అదే ఎక్కువ! ఆ ఒక్క అంకె చూస్తే టాపర్. కానీ 442 సార్లు విసిరితే వచ్చినవి 2,767 గజాలు, సారికి ఆరు గజాల పైచిలుకు. టచ్‌డౌన్‌లు 11 మాత్రమే. దెబ్బ పడకముందే దగ్గర్లో ఎవరుంటే వాళ్లకి బంతి ఇచ్చేయడం అలవాటైంది. బంతి అందుతోంది, జట్టు మాత్రం కదలట్లేదు. 2007 మార్చిలో హ్యూస్టన్ అతన్ని వదిలేసింది. ఆ తర్వాత అతను ఏ జట్టుకీ పూర్తి సీజన్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడలేదు. 2011 సీజన్‌లో న్యూయార్క్ జెయింట్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు, రిజర్వులో.

మరి తప్పంతా గోడదేనా?

ఇక్కడ ఆగి ఎదుటి వాదన కూడా వినాలి. సాక్‌లన్నీ లైన్‌మెన్ ఖాతాలో వేయడం కూడా న్యాయం కాదు. 2009లో పేటన్ మానింగ్ 571 సార్లు విసిరితే సాక్ అయింది 10 సార్లే. అతని ముందున్న ఐదుగురూ దేవతలేం కాదు. బంతి కదలకముందే డిఫెన్స్‌ని చదివేసి, ఎవడు ఎటునుంచి వస్తాడో చెప్పేసి, కాలు ఆనగానే విసిరేసేవాడు. ఒత్తిడి వచ్చేసరికి అతని చేతిలో బంతి ఉండేది కాదు. దీనికి విరుద్ధంగా, ఏదో అద్భుతం చేద్దామని బంతిని నాలుగు సెకన్లు పట్టుకునే క్వార్టర్‌బ్యాక్ ముందు ఉక్కుగోడ కట్టినా అది కూలుతుంది.

కార్ విషయంలోనూ ఇది ఉంది. అతను వెళ్లిపోయాక 2007లో కొత్త క్వార్టర్‌బ్యాక్‌తో హ్యూస్టన్ సాక్‌లు దాదాపు సగానికి తగ్గాయి. కాబట్టి కార్ బంతిని ఎక్కువసేపు పట్టుకునేవాడన్న మాటలో నిజముంది. కానీ ఒక ప్రశ్న. 76 సార్లు పడకముందు కూడా అతను అలాంటివాడేనా? లేక పడీ పడీ ఎప్పుడు విసరాలో తేల్చుకోలేని స్థితికి వచ్చాడా? మొదటి రెండేళ్లలో పాడైన అలవాటు ఐదో ఏట అతని సొంత లోపంలా కనబడుతుంది. కారణం, ఫలితం అప్పటికే కలిసిపోయాయి. ఫీడ్‌బ్యాక్ లూప్‌లో తప్పు ఎక్కడ మొదలైందో అవుట్‌పుట్ ఒక్కటే చూసి చెప్పలేం.

ఆలస్యంగా వచ్చిన గోడ: ఆండ్రూ లక్

స్టాన్‌ఫర్డ్‌లో ఆర్కిటెక్చరల్ డిజైన్ చదివిన ఆండ్రూ లక్‌ని 2012లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ మొదటి ఎంపికగా తీసుకుంది. కార్‌లా కాదు, ఇతను మొదటి ఏడాది నుంచే గెలిపించాడు. అదే చిక్కైంది. గెలుస్తున్నాం కదా అని గోడ సంగతి వాయిదా పడుతూ వచ్చింది. మొదటి ఏడాది 41 సాక్‌లు, 2016లో మళ్లీ 41. మధ్యలో 2015లో భుజం దెబ్బతింది. పక్కటెముకల దగ్గర మృదులాస్థి చిరిగింది, కడుపు కండరం చిరిగింది, ఒక మ్యాచ్‌లో కిడ్నీ కూడా చీలింది. భుజానికి ఆపరేషన్ అయ్యి 2017 సీజన్ మొత్తం ఆడలేదు.

2018లో కోల్ట్స్ మేలుకుంది. డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపికతోనే క్వెంటన్ నెల్సన్ అనే గార్డుని తెచ్చుకుంది. ఆ ఏడాది లక్ 639 సార్లు విసిరితే 18 సాక్‌లే పడ్డాయి, 39 టచ్‌డౌన్‌లు వచ్చాయి. ఆ సీజన్ మేటి పునరాగమనం అవార్డు కూడా అతనిదే. అందరూ ఇక పదేళ్లు ఢోకా లేదనుకున్నారు. 2019 ఆగస్టు 24న, సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు, 29 ఏళ్ల వయసులో లక్ రిటైర్ అయ్యాడు. గాయం, నొప్పి, కోలుకోవడం, మళ్లీ గాయం. ఈ చక్రంలో పడి ఆట మీద ఇష్టమే పోయిందని కళ్లలో నీళ్లతో చెప్పాడు. వార్త ముందే బయటికి పొక్కడంతో ఆ రాత్రి మైదానం నుంచి వెళ్తున్న అతన్ని సొంత అభిమానులే కొందరు గేలి చేశారు. గోడ కట్టారు. కట్టేసరికి లోపల ఉన్నవాడు అలసిపోయాడు.

ఒకే మనిషి, మూడు ఫైనల్స్

ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ప్రయోగం అడుగుతాం. మిగతావన్నీ అలాగే ఉంచి గోడ ఒక్కటి మారిస్తే ఏమవుతుంది? పూర్తి ప్రయోగం కాకపోయినా దానికి దగ్గరగా ఒకటి జరిగింది. అందులో మనిషి ప్యాట్రిక్ మహోమ్స్, ఈ తరంలో అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని చాలామంది ఒప్పుకునేవాడు.

2021 ఫిబ్రవరి 7, టాంపా బేతో సూపర్ బౌల్. కాన్సాస్ సిటీ రెండు టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో బయట. ఈఎస్‌పీఎన్ లెక్క ప్రకారం మహోమ్స్ మీద 29 సార్లు ఒత్తిడి వచ్చింది, సూపర్ బౌల్ చరిత్రలోనే ఎక్కువ. బంతి విసిరేలోపు తప్పించుకోవడానికే అటూ ఇటూ దాదాపు 500 గజాలు పరిగెత్తాడు. సాక్‌లు మూడే. ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు, 31-9తో ఓటమి. సాక్‌ల లెక్క ఒక్కటే చూస్తే ఈ మ్యాచ్ కథ అర్థం కాదన్నమాట.

కాన్సాస్ సిటీ పాఠం నేర్చుకుంది. తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌కి గోడలో ఐదు స్థానాల్లోనూ కొత్తవాళ్లే. 2023 ఫిబ్రవరి 12, ఫిలడెల్ఫియాతో ఫైనల్. ఆ సీజన్‌లో 70 సాక్‌లు చేసిన డిఫెన్స్ అది. ఆ రోజు మహోమ్స్‌ని ఒక్కసారి కూడా సాక్ చేయలేకపోయింది. అతను మడమ నొప్పితో కుంటుతూ ఆడాడు, అయినా 38-35తో గెలుపు.

2025 ఫిబ్రవరి 9, మళ్లీ ఫిలడెల్ఫియానే. ఈసారి కాన్సాస్ సిటీకి నిఖార్సైన లెఫ్ట్ టాకిల్ దొరక్క, గార్డు జో థూనీని అక్కడికి జరిపారు. ఆరు సాక్‌లు, ఒక దశలో 34-0, చివరికి 40-22తో ఓటమి. ఇందులో గమనించాల్సింది, ఫిలడెల్ఫియా అదనంగా ఒక్క మనిషిని కూడా పంపలేదు. నలుగురితోనే పని కానిచ్చింది. క్వార్టర్‌బ్యాక్‌కి ఇంతకంటే నరకం లేదు. ఐదుగురో ఆరుగురో మీదకొస్తే వెనకాల కాపలా పలచబడుతుంది, త్వరగా విసిరితే లాభం. నలుగురే వచ్చి గోడ కూల్చేస్తే మిగతా ఏడుగురూ రిసీవర్లని కాచుకుని ఉంటారు. విసరడానికి సమయమూ లేదు, చోటూ లేదు.

అదే మనిషి, అదే చెయ్యి, అదే కోచ్ ఆండీ రీడ్. ఓడిన రెండుసార్లూ కారణం ఒక్క గోడే అనలేం, అవతలి జట్లు అన్ని విధాలా బాగా ఆడాయి. కానీ అంత గొప్పవాడు కూడా గోడ పడిపోయిన రోజున మామూలు మనిషిలా కనబడ్డాడు. మహోమ్స్‌కే అలా అయితే, మొదటి ఏడాదిలో 76 సార్లు పడ్డ కుర్రాడి సంగతేంటి?

పడుతూ గెలిచినవాడు

"మరి జో బరో సంగతేంటి?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ బరోకి 2020 నవంబరులో, మొదటి సీజన్‌లోనే మోకాలి లిగమెంట్లు తెగాయి. మరుసటి ఏడాది తిరిగొచ్చి లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 51 సార్లు సాక్ అయ్యాడు. టెనెసీతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో తొమ్మిదిసార్లు పడి కూడా 19-16తో గెలిపించాడు. కొందరి చూపు ఎన్ని దెబ్బలు తిన్నా కిందికి దిగదు, అది నిజమే.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2022 ఫిబ్రవరి 13న లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో సూపర్ బౌల్‌లో ఏడు సాక్‌లు. నిమిషం లోపే సమయం ఉంది, మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు, నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. ఆరన్ డోనల్డ్ గోడ దాటి వచ్చి బరోని పట్టి తిప్పేశాడు. బంతి ఎటో పోయింది, 23-20తో కప్పు పోయింది. ధైర్యం ఉంటే దెబ్బల మధ్య చాలా దూరం వెళ్లొచ్చు. ఆఖరి గజానికి మాత్రం ఎవరో ఒకరు అడ్డుపడాల్సిందే.

ఈసారి చూసేటప్పుడు

ఎప్పుడైనా ఈ ఆట చూస్తే ఒక పని చేయండి. బంతిని చూడకండి. బంతి కదలగానే మధ్యలో ఉన్న ఐదుగురిని చూస్తూ మనసులో "ఒకటి, రెండు, రెండున్నర" అనుకోండి. అప్పటికీ క్వార్టర్‌బ్యాక్ చుట్టూ ఖాళీ గుండ్రంగా నిలిచి ఉంటే, తర్వాత జరిగేది చాలావరకు అతని బాధ్యత. ఒక పక్క గోడ అప్పటికే లోపలికి నొక్కుకుపోయి ఉంటే, తర్వాత పడే ఇంటర్‌సెప్షన్‌లో సగం వాటా స్కోరుకార్డులో పేరు లేనివాడిది. పది ప్రయత్నాలు ఇలా చూస్తే చాలు, రెండింటికీ తేడా తెలుస్తుంది.

కార్‌ని ఈరోజుకీ 'ఫెయిల్ అయిన మొదటి ఎంపిక'ల జాబితాల్లో పెడుతుంటారు. ఆ జాబితాల్లో అతని పేరు ఉంటుంది, పక్కన టచ్‌డౌన్‌లూ ఇంటర్‌సెప్షన్‌లూ ఉంటాయి. కొన్నింట్లో 76 అన్న అంకె కూడా ఉంటుంది, అదీ అతని ఖాతాలోనే. బోసెల్లి భుజం గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ భుజం బాగై ఉంటే కార్ గొప్పవాడయ్యేవాడా? ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ప్రశ్న అడక్కుండా ఇచ్చే తీర్పు మాత్రం సగం తీర్పే. ఫలితం పక్కన ఎవరి పేరుందో చూడటం తేలిక. ఆ ఫలితం రావడానికి అతనికి ఎన్ని సెకన్లు దొరికాయో కూడా లెక్కేయడం మన చదువు మనకి నేర్పాల్సిన పద్ధతి.